కంపెనీ లెక్కలు తారుమారయ్యే ప్రమాదం ఎక్కడ ఎక్కువ? డైరెక్టరుగా చేరేముందు ఏం చూడాలి?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇది. మీరు కామర్స్ లెక్చరరుగా పదవీ విరమణ చేసి పాలకొల్లులో ఉంటున్నారు. ముప్పై ఏళ్లుగా మీకు తెలిసిన కుటుంబం నడుపుతున్న రొయ్యల శుద్ధి, ఎగుమతి కంపెనీ రెండేళ్లలో పబ్లిక్ ఇష్యూకు వెళ్లాలనుకుంటోంది, మిమ్మల్ని స్వతంత్ర డైరెక్టరుగా, అంటే యాజమాన్యంతో ఆర్థిక సంబంధం లేని బోర్డు సభ్యుడిగా, రమ్మని అడుగుతోంది. చూపించిన బ్యాలెన్స్ షీట్లు చక్కగానే ఉన్నాయి. అయితే చక్కగా కనిపించే లెక్కలు నిజమైనవో కావో బయటివాడికి ఎలా తెలుస్తుంది, ఏ పరిస్థితులున్న కంపెనీలో ఆర్థిక నివేదికలను తారుమారు చేసే ప్రమాదం ఎక్కువ అన్నది మీ సందేహం.

ముందు సూటిగా సమాధానం చెబుతాను. ఫలానా అంకె చూపిస్తామని బయటివారికి మాట ఇచ్చేసిన యజమాని, ఆ అంకెను పుస్తకాల్లో తానే రాయించగల వీలు, "ఇది కుదరదండీ" అని చెప్పగల మనిషి ఆ కార్యాలయంలో ఒక్కరూ లేకపోవడం: ఈ మూడూ ఒకచోట చేరిన కంపెనీలో ప్రమాదం ఎక్కువ. వీటిలో నేను అన్నిటికన్నా ఎక్కువ బరువు ఇచ్చేది మూడోదానికి. లాభాపేక్ష, అత్యాశ వంటి మాటలను నేను కావాలనే వాడలేదు. అందుకు కారణం కిందికి వెళ్లేకొద్దీ తెలుస్తుంది.

నేను భీమవరంలో చార్టర్డ్ అకౌంటెంటుగా 26 ఏళ్లుగా పని చేస్తున్నాను. రైస్ మిల్లులు, రొయ్యల కంపెనీలు, కొబ్బరి వ్యాపారాలు, వాటికి అప్పులిచ్చే బ్యాంకుల తరఫున సరకు తనిఖీలు, ఇవే నా పని. అందువల్ల నేను చెప్పేదంతా ఈ డెల్టా వ్యాపారాల మీదుగానే ఉంటుంది.

ఒక తేడాను మొదటే స్పష్టం చేసుకోవాలి. గుమాస్తా గల్లాపెట్టెలో డబ్బు తీయడం వేరు, కంపెనీ తన లాభాన్నో ఆస్తినో లేనంతగా చూపించడం వేరు. మొదటిది కింది నుంచి జరుగుతుంది, రెండోది దాదాపు ఎప్పుడూ పై నుంచే జరుగుతుంది. అమెరికాలో 1998 నుంచి 2007 వరకు బయటపడిన 347 కేసులను కోసో అనే సంస్థ పరిశీలించినప్పుడు, 89 శాతం కేసుల్లో ప్రధాన కార్యనిర్వహణాధికారి పేరో ప్రధాన ఆర్థికాధికారి పేరో ఉంది. కాబట్టి "మా దగ్గర అన్ని నియంత్రణలూ ఉన్నాయి, ఏ ఓచరైనా ముగ్గురు సంతకం పెట్టాల్సిందే" అన్న మాట విని నిశ్చింతగా ఉండకండి. ఆ నియంత్రణలు కింది ఉద్యోగిని ఆపగలవు. వాటిని పెట్టినవాడే తీసేయాలనుకుంటే అవి ఆపలేవు. ఆడిటర్లకు వర్తించే ఎస్‌ఏ 240 ప్రమాణం కూడా ఇదే చెబుతుంది: యాజమాన్యం తన నియంత్రణలను తానే దాటవేసే ప్రమాదం ప్రతి కంపెనీలోనూ ఉందని అనుకునే పని మొదలుపెట్టాలి.

మోసానికి దారితీసే పరిస్థితులను ఒత్తిడి, అవకాశం, సమర్థన అని మూడుగా విడదీసి చెప్పే పద్ధతికి మూలం డొనాల్డ్ క్రెస్సీ అనే అమెరికన్ నేరశాస్త్రవేత్త. నమ్మకద్రోహం కేసుల్లో జైలుకు వెళ్లినవారితో మాట్లాడి, 1953లో ఆయన ఆ పరిశీలనను ప్రకటించారు. ఆయన గమనించిన ఒక అంశం నా అనుభవంలో పదేపదే నిజమైంది: ఆ మనుషులకు ఉన్న కష్టం నలుగురితో చెప్పుకోలేని కష్టం. చెప్పుకోగలిగి ఉంటే సగంమంది ఆ దారి పట్టేవారు కాదు.

దానికి నేను కళ్లారా చూసిన ఉదాహరణ ఉంది. ఇరవై ఏళ్ల కిందట, ఒక బ్యాంకు తరఫున తణుకు వైపు ఒక రైస్ మిల్లుకు సరకు తనిఖీకి వెళ్లాను. మిల్లు బ్యాంకుకు ఇచ్చిన స్టాక్ స్టేట్‌మెంట్‌లో 11,000 బస్తాల ధాన్యం ఉన్నట్టు రాసి ఉంది. గోదాములో బస్తాలు పేర్చిన నెట్లు పైకప్పు దాకా ఉన్నాయి. పొడవు, వెడల్పు, ఎత్తు లెక్కపెడితే బస్తాలు సరిపోయాయి. ఎందుకో నెట్టు మధ్యలో నుంచి ఒక బస్తా తీయించమని అడిగాను. "ఇంత నెట్టు విప్పితే మళ్లీ కట్టడానికి రెండు రోజులు పడుతుందండీ" అన్నారు మిల్లు యజమాని. పక్కనున్న ముసలి హమాలీ ఆయన ముఖం వైపు చూసి, కాసేపు ఆగి, చివరికి ముందు వరస తప్పించి లోపలి బస్తాను లాగాడు. 75 కిలోల ధాన్యం బస్తా ఎత్తేటప్పుడు మనిషి మోకాళ్లు వంచి, ఊపిరి బిగబడతాడు. ఆయన మాత్రం ఒక్క చేత్తో పైకి తీశాడు. లోపల ఉన్నది ఊక. బయటి రెండు వరసలు, పై వరస తప్ప మిగిలినదంతా ఊకే. నిజమైన ధాన్యం 4,000 బస్తాలకు మించి లేదు.

ఆ యజమాని ఒక్క రూపాయి కూడా సొంతానికి వాడుకోలేదు. అంతకు మూడేళ్ల కిందట తుపాను వానకు ధాన్యం తడిసి, రంగు మారిన బియ్యాన్ని నష్టానికి అమ్ముకున్నారు. మార్చిలో బ్యాంకు అప్పు లిమిట్ రెన్యువల్. సరకు తగ్గిందని చూపిస్తే డ్రాయింగ్ పవర్, అంటే బ్యాంకు నుంచి తీసుకోగల మొత్తం, తగ్గుతుంది, రైతులకు ఇవ్వాల్సిన డబ్బు ఆగిపోతుంది, ఊళ్లో మాట పోతుంది. "దాళ్వా (రబీ పంట) రాగానే సర్దేద్దామనుకున్నానండీ" అన్నారు. ఆ దాళ్వా వచ్చింది, వెళ్లింది, తర్వాత సార్వా (ఖరీఫ్ పంట) కూడా వెళ్లింది, ప్రతిసారీ ఊక బస్తాలే పెరిగాయి. మొదటి ఏడాది లోటు ఒక మంచి పంటతో పూడ్చుకోగలిగినంతే. దాచిపెట్టడం వల్లే అది పూడ్చలేనిదైంది. నేను అత్యాశ అన్న మాట వాడకపోవడానికి కారణం ఇదే. మీరు అత్యాశ కోసం వెతికితే, పరువు కోసం ఆరాటపడే మంచి మనిషి మీ కళ్లముందే ఉన్నా గుర్తించలేరు.

ఆ తనిఖీలో నాదొక తప్పు ఉంది, అది కూడా చెప్పాలి. గోదాముకు వెళ్లకముందే మిల్లు కరెంటు బిల్లులు నా బల్ల మీద ఉన్నాయి. అమ్మకాలు పెరిగినట్టు చూపిన ఏడాదిలో యూనిట్లు మూడో వంతు తగ్గాయి. చూసి కూడా వాటిని కలిపి ఆలోచించలేదు. అప్పటి నుంచి ఏ కంపెనీకి వెళ్లినా రూపాయల లెక్కకన్నా ముందు బరువుల లెక్క చూస్తాను. ప్రభుత్వ సేకరణలో వంద కిలోల ధాన్యానికి 67 కిలోల పచ్చి బియ్యం, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు రావాలన్నది లెక్క. రొయ్యకు తల తీస్తే సుమారు మూడో వంతు బరువు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, పోతుంది. వనామి చెరువులో కిలో రొయ్య పెరగడానికి సుమారు కిలోంపావు నుంచి కిలోన్నర మేత పడుతుంది. ఈ నిష్పత్తులు ఏ అకౌంటెంటు మాటా వినవు.

పరువు, మాట అనేవి చిన్న మిల్లుకే పరిమితమని అనుకోకండి. భీమవరంలో పుట్టిన బైర్రాజు రామలింగరాజు గారి సత్యం కంప్యూటర్స్ సంగతి ఈ జిల్లాలో తెలియనివారు ఉండరు. 2009 జనవరి 7న ఆయన రాసిన లేఖ ప్రకారం, 2008 సెప్టెంబరు 30 నాటి బ్యాలెన్స్ షీట్లో చూపిన 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవు. ఆ తేదీతో ముగిసిన మూడు నెలల ఆదాయాన్ని 2,700 కోట్లుగా చూపారు, నిజానికి అది 2,112 కోట్లు. నిర్వహణ లాభం 649 కోట్లని చూపారు, నిజంగా వచ్చింది 61 కోట్లు. అసలు లాభానికీ చూపిన లాభానికీ మధ్య మొదట స్వల్పంగా ఉన్న తేడా ఏళ్లు గడిచేకొద్దీ పెరిగిపోయిందని ఆ లేఖలోనే ఉంది. మిల్లులో ఊక బస్తాలు పెరిగిన తీరు, ఇక్కడ లేని నగదు పెరిగిన తీరు ఒక్కటే. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానం ఆ కేసులో ఆయనతో పాటు మరికొందరిని దోషులుగా నిర్ధారించింది.

మీకు సంబంధించిన సంగతి ఆ కేసులో మరొకటి ఉంది. ఆ బోర్డులో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ఆచార్యుడు ఉన్నారు, ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ డీన్ ఉన్నారు. 2008 డిసెంబరు 16న, ప్రమోటరు కుటుంబానికే చెందిన రెండు మేటాస్ కంపెనీలను కొనాలన్న ప్రతిపాదనకు ఆ బోర్డు ఆమోదం తెలిపింది. వాటాదారులు తిరగబడటంతో గంటల్లోనే దాన్ని వెనక్కి తీసుకోవలసి వచ్చింది. లేని ఆస్తుల స్థానంలో ఉన్న ఆస్తులు పెట్టడానికి చేసిన చివరి ప్రయత్నం అదేనని లేఖలో రాశారు. అంటే బోర్డులో పెద్ద చదువులు, పెద్ద పేర్లు ఉండటం వేరు, అడగగలగడం వేరు.

ఒత్తిడి ఎక్కడి నుంచి వస్తుందో మీ కంపెనీ విషయంలో వెతకడం కష్టం కాదు. పబ్లిక్ ఇష్యూకు ముందు రెండు మూడు ఏళ్ల లాభమే వాటా ధరను నిర్ణయిస్తుంది. ఆ ఏళ్లలో లాభం పెంచి చూపాలన్న కోరిక ఎవరికైనా కలుగుతుంది. రొయ్య ఎగుమతి కూడా ఒడుదుడుకుల వ్యాపారం. 2025 ఆగస్టులో అమెరికా మన సరకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఇక్కడి చెరువు గట్ల మీద ఎంత ఆందోళన ఉందో మీరూ చూసే ఉంటారు. అలాంటి ఏడాదిలో కూడా ఒక ఎగుమతి కంపెనీ లాభం ఏ కుదుపూ లేకుండా అంతకుముందు ఏడాది కన్నా పదిహేను శాతం పెరిగిందంటే, నేను అభినందించే ముందు ఎలా సాధ్యమైందో అడుగుతాను. నిజంగానే ముందుగా జపానుకో యూరప్‌కో సరకు మళ్లించి ఉండవచ్చు. అలా అయితే కాగితం ఉంటుంది.

అవకాశం సంగతికి వస్తే, మన డెల్టా వ్యాపారాలకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. చెరువులో ఉన్న రొయ్యను ఎవరూ లెక్కపెట్టలేరు. వల విసిరి నమూనా తీసి కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలో) చెప్పవచ్చు గాని, ఎకరంలో ఎన్ని బతికి ఉన్నాయన్నది పట్టుబడి రోజునే తేలుతుంది. చైనాలో జాంగ్‌జీదావ్ అనే కంపెనీ సముద్రం అడుగున పెంచే స్కాలప్ గుల్లలు పెద్దమొత్తంలో పోయాయని 2014లో ప్రకటించింది, 2018లోనూ మళ్లీ అలాంటి ప్రకటనే చేసింది. నీటి కిందిది లెక్కపెట్టే దారి లేక, అక్కడి నియంత్రణ సంస్థ ఆ కంపెనీ పడవలు నిజంగా ఎక్కడెక్కడ తిరిగాయో ఉపగ్రహ సమాచారంతో తేల్చి, లెక్కలు తప్పని నిర్ధారించి 2020లో జరిమానా వేసింది. సరకు కనిపించనప్పుడు సరకు చుట్టూ ఉన్న జాడలను లెక్కపెట్టాలి.

నేను చేసింది కూడా అలాంటిదే. రెండేళ్ల కిందట అప్పు ఇవ్వబోయే సంస్థ తరఫున ఒక రొయ్యల కంపెనీ పుస్తకాలు చూశాను. సొంత చెరువుల్లో 900 టన్నుల పట్టుబడి చూపారు. ఆ ఏడాది వాడిన మేత, పాత నిల్వతో కలిపి కూడా, 700 టన్నులు దాటలేదు. మేత తినకుండా పెరిగే రొయ్య ఈ జిల్లాలో లేదు. అక్కడి నుంచి దారం లాగితే మిగిలినవి వచ్చాయి: మార్చి చివరి పది రోజుల్లో ఏడాది అమ్మకంలో పావు వంతు ముగ్గురు దేశీయ కొనుగోలుదారులకు వెళ్లింది, ఏప్రిల్, మే నెలల్లో అందులో అధిక భాగం, అమ్మకం రద్దయినట్టు రాసే క్రెడిట్ నోట్లుగా తిరిగి వచ్చింది. ఆ ముగ్గురిలో ఒకరు యజమాని కారు డ్రైవరు.

2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పునూ నమోదు చేసే ఎడిట్ లాగ్ తప్పనిసరి అయింది. అక్కడ అది పనికొచ్చింది. మార్చి 31 తేదీతో ఉన్న ఎంట్రీలు మే నెలలో, రాత్రి పదకొండు తర్వాత, అన్నీ చివర సున్నాలే ఉన్న అంకెలతో పడ్డాయి. వాటిని కంప్యూటర్లో కొట్టిన సీనియర్ అకౌంటెంటుకు అరవై ఏళ్లు దగ్గర పడుతున్నాయి. కూతురి పెళ్లికి తీసుకున్న అప్పు యజమానికే బాకీ. "ఎందుకు కొట్టారండీ, అడగలేదా?" అంటే, "అడిగే చోటు కాదండీ అది" అన్నారాయన. నేను మొదట చెప్పిన మూడో షరతు ఆ ఒక్క మాటలో ఉంది. ఆ మనిషి దొంగ కాడు. ఆయనను అలాంటి చోట కూర్చోబెట్టిన తీరే ప్రమాదం.

సమర్థన గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే అది మనిషి మనసులో ఉంటుంది, బయటివాడు ముందుగా చూడలేడు. వినిపించే మాటలు మాత్రం ఎప్పుడూ అవే: ఈ ఒక్క ఏడాదే, ఎవరి సొమ్మూ తినడం లేదు, ఆరు వందల కుటుంబాలు మన మీద ఆధారపడ్డాయి. మూడో మాట నిజం కూడా కావచ్చు. నన్ను అన్నిటికన్నా భయపెట్టే మాట అదే, ఎందుకంటే దానితో మంచివాళ్లు కూడా ఒప్పుకుంటారు.

ఇక జాగ్రత్తలు. లక్షణం ఉంటే మోసం ఉన్నట్టు కాదు. అంబాజీపేట దగ్గర ఒక కొబ్బరి వ్యాపారి లెక్కల్లో, ఆడిట్ పాఠ్యపుస్తకాలు చెప్పే ప్రమాద సూచనలు దాదాపు అన్నీ ఉన్నాయి: నగదు లావాదేవీలు, బావమరుదులే కొనుగోలుదారులు, ఐదేళ్లలో ఇద్దరు ఆడిటర్లు మారడం, ఓచర్లు లేకపోవడం. పదిహేను రోజులు కూర్చుని చూస్తే, వాళ్ల నాన్నగారు చేత్తో రాసుకున్న చిట్టా పుస్తకం బ్యాంకు ఖాతాలతో కొద్ది వేల తేడాలో సరిపోయింది. అది కాగితాలు పెట్టే అలవాటు లేకపోవడమే తప్ప మోసం కాదు.

అలాగే మన ప్రాంతంలో బంధుత్వాన్నే ప్రమాద సూచనగా తీసుకుంటే ఒక్క కంపెనీ మిగలదు. అల్లుడు ఫ్యాక్టరీ చూస్తాడు, తమ్ముడు కొనుగోళ్లు చూస్తాడు, వియ్యంకుడు ఐస్ ఫ్యాక్టరీ నడుపుతాడు. నేను చూసేది బంధువు ఉన్నాడా అని కాదు. ఆ బంధువుకు అమ్మిన ధర బయటివాడికి అమ్మిన ధరతో సరిపోతోందా, డబ్బు నిజంగా బ్యాంకులో పడిందా, కంపెనీల చట్టంలోని 188వ సెక్షను కింద వెల్లడించారా అన్నది చూస్తాను. అత్తవారి వైపు వాళ్లను పేరు పెట్టి వెల్లడించిన కంపెనీ కన్నా, బంధువులే లేరని రాసిన కంపెనీ నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తుంది.

ఆడిటరు ఉన్నారు కదా అని కూడా అనుకోకండి. ఆ వృత్తిలో ఉండే చెబుతున్నాను. మోసాల పరిశోధకుల అంతర్జాతీయ సంఘం 2024 నివేదికలో, ఉద్యోగులూ అధికారులూ చేసిన అన్ని రకాల మోసాల్లో బయటి ఆడిటు వల్ల బయటపడినవి 3 శాతమే, ఎవరో ఒకరు సమాచారం ఇవ్వడం వల్ల బయటపడినవి 43 శాతం. అందుకే ఆ కంపెనీలో ఉద్యోగి నేరుగా ఆడిట్ కమిటీకి చెప్పుకునే దారి ఉందా, దాన్ని ఎవరైనా ఎప్పుడైనా వాడారా అన్నది అడగవలసిన ప్రశ్న.

మీరు ఒప్పుకునే ముందు చూడవలసినవి. గత ఐదేళ్ల లాభాన్నీ, వ్యాపారం నుంచి నిజంగా చేతికొచ్చిన నగదునూ పక్కపక్కన రాసుకోండి. లాభం ఏటా పెరుగుతూ నగదు ఏటా తగ్గుతుంటే ఆ డబ్బు బాకీదారుల దగ్గరో సరకులోనో చిక్కుకుందని కంపెనీ చెబుతుంది. ఆ బాకీదారులు ఎవరో, సరకు ఏ కోల్డ్ స్టోరేజీలో ఉందో అడగండి. ఎగుమతులైతే షిప్పింగ్ బిల్లులకూ, డబ్బు బ్యాంకుకు వచ్చినట్టు చూపే ధ్రువపత్రాలైన ఈ-బీఆర్‌సీలకూ సరిపోల్చి చూపమనండి. ఐదు కోట్లు దాటిన వర్కింగ్ క్యాపిటల్ లిమిట్ ఉంటే, మూడు నెలలకోసారి బ్యాంకుకు ఇచ్చిన స్టేట్‌మెంట్లు పుస్తకాలతో సరిపోయాయో లేదో ఆడిటరు తన నివేదికలో కారో 2020 (ఆడిటరు ఏయే విషయాలు చెప్పాలో నిర్దేశించే ప్రభుత్వ ఉత్తర్వు) కింద రాయాలి. ఆ పేరా తప్పకుండా చదవండి. చాలామంది లాభనష్టాల పట్టీ చూసి ఊరుకుంటారు గాని, అసలు సంగతి తరచూ ఆ పేరాలోనే ఉంటుంది. మధ్యలో రాజీనామా చేసిన ఆడిటరు ఉంటే, కారణం చెబుతూ ఆయన దాఖలు చేసిన ఏడీటీ-3 పత్రం తెప్పించుకోండి. యజమాని సొంత అప్పులు, సొంత హామీలు కూడా అడగండి. అడగడం కష్టంగా ఉంటుంది, అయినా ఒత్తిడి తరచూ కంపెనీ పుస్తకాల బయటే ఉంటుంది.

చట్టం సంగతి కూడా తెలుసుకుని ఉండండి. కంపెనీల చట్టం 149వ సెక్షను ప్రకారం స్వతంత్ర డైరెక్టరు, తనకు బోర్డు వ్యవహారాల ద్వారా తెలిసి, తన సమ్మతితోనో కుమ్మక్కుతోనో జరిగిన వాటికీ, తాను శ్రద్ధ చూపని వాటికీ బాధ్యుడు. మోసం రుజువైతే 447వ సెక్షను కింద పదేళ్ల వరకు జైలు శిక్ష ఉంది. "నాకు తెలియదు" అన్న మాట నిలబడాలంటే, తెలుసుకోవడానికి మీరు ఏం చేశారో బోర్డు సమావేశాల మినిట్స్‌లో కనబడాలి.

చివరగా, ఐదేళ్లలో అకౌంట్స్ విభాగం పెద్దలు ఎంతమంది మారారో అడిగి, ఆఖరున వెళ్లిన మనిషిని వాళ్ల ఇంటికెళ్లి కలవండి. ఆయన కంపెనీని తిట్టినా మెచ్చుకున్నా పట్టించుకోకండి. ఏ నెలలో మానేశారో కనుక్కోండి. ఏప్రిల్, మే నెలల్లో, అంటే లెక్కలు ముగించే రోజుల్లో, వరసగా ఇద్దరు వెళ్లిపోయి ఉంటే ఇంకా లోతుగా చూడాలి. ముప్పై ఏళ్ల స్నేహం వల్ల ఈ ప్రశ్నల్లో ఏ ఒక్కటైనా అడగడానికి మీకు మొహమాటం అడ్డొస్తే, ఆ పదవి మాత్రం తీసుకోకండి; బోర్డు గదిలో ఆ మొహమాటం ఇంకా పెరుగుతుంది.